లింబాయత్ సర్వజ్ఞుడికి జేజేలు

అయ్యా, తమ ఖ్యాతి ఎంతదూరం పాకిందో తమకే తెలియదు. సూరత్‌లో లింబాయత్ ఒక్కటే కాదు, ఉధ్నా నుంచి డిండోలి దాకా, సాంచాల (మరమగ్గాల) చప్పుడు వినబడే ఏ గల్లీలోనైనా నలుగురు తెలుగువాళ్లు చాయ్ బండి దగ్గర ఆగితే చాలు, అయిదో మనిషిగా తమరు ప్రత్యక్షమవుతారు. రూపాలు అనేకం. ఒకచోట బట్టల మార్కెట్లో గుమాస్తా, మరోచోట సొంత కార్ఖానా ఉన్న సేటు, ఇంకోచోట సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడే జుట్టు నెరిసిన పెద్దబాపు. గొంతు మాత్రం ఒకటే. వీడియో గేములు ఎవరిని ఏం చేస్తాయో, టీవీకి తగిలించే ఆ పెట్టెలు కొనాలో వద్దో, ఈ ఏఐ ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగిపోతుందో తేల్చేసే గొంతు. కోర్టుల్లో వాయిదాలుంటాయి, వకీళ్లుంటారు, సాక్షులుంటారు. తమ దగ్గర ఆ గోల లేదు. అర కప్పు చాయ్ అయ్యేలోపు తీర్పు వచ్చేస్తుంది. అప్పీలు లేదు.

తమలో అన్నిటికంటే ముందు మెచ్చుకోవలసింది నిష్పాక్షికత. ఆట ఆడినవాడికి దానిమీద ఎంతోకొంత మమకారం పుడుతుంది. మమకారం పుట్టాక న్యాయం ఎక్కడ నిలుస్తుంది? అందుకే తమరు జీవితంలో ఒక్క వీడియో గేమూ ముట్టుకోలేదు. 1980లో జపాన్‌లో పుట్టిన ప్యాక్‌మ్యాన్‌లో నాలుగు దయ్యాలుంటాయనీ, ఒకటి వెనకపడి తరుముతుంటే ఇంకొకటి మనం పోబోయే చోటుకు ముందే పోయి కాపు కాస్తుందనీ, ఏ దయ్యం బుద్ధి ఏమిటో కనిపెట్టడమే ఆ ఆటలో మజా అనీ తమ తమ్ముడి కొడుకు ఒకసారి చెప్పబోయాడు. తమరు విననే లేదు. విని ఉంటే తీర్పుకు మైల అంటేది. "దయ్యాలను తరుముడేందిరా, పోయి పుస్తకం తియ్యి" అన్నారు. ఆ ఆటలో తరిమేది దయ్యాలే. అంత చిన్న తేడా తమ స్థాయివాళ్లు పట్టించుకోకూడదు.

1990లలో మన ఇళ్లకొచ్చిన టీవీ గేము తమకు గుర్తుండే ఉంటుంది. 1983లో నింటెండో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన పెట్టెకు చవకబారు నకలు. దాంతోపాటు ఒక క్యాసెట్, దాని అట్టమీద 9999 ఆటలని ముద్ర. లోపల మారియో, కాంట్రా లాంటివి కొన్నే ఉండేవి. ఏ నంబరు నొక్కినా అవే తిరిగి తిరిగి వచ్చేవి. తమ అభిప్రాయాల భాండాగారం తలపుకొచ్చినప్పుడల్లా నాకు ఆ క్యాసెట్టే కళ్లముందు ఆడుతుంది. ఎవరు ఏం అడిగినా వచ్చేవి నాలుగే. పిల్లలు చెడిపోతున్నారు. ఇదంతా జూదం. ఆ పెట్టె దండగ. మిషన్ మనల్నేం చేస్తది. నాలుగే ఉన్నాయేమిటని ఎవరైనా నసిగితే వాళ్లకు నిలకడ విలువ తెలియదన్నమాట.

పిల్లల సంగతే చూద్దాం. గేములు ఒక జబ్బుగా ముదరవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒప్పుకుని తన రోగాల పట్టికలోకి ఎక్కించింది. 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమల్లోకి వచ్చింది. ఒకడికి ఆ జబ్బు ఉందని చెప్పాలంటే ఆటమీద వాడికి అదుపు తప్పాలి, మిగతా పనులన్నీ ఆట వెనక్కి పోవాలి, నష్టం కనబడుతున్నా మానలేకపోవాలి, చదువో కొలువో సంసారమో గట్టిగా దెబ్బతినాలి, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు సాగాలి. పాపం, అంత చదివిన డాక్టర్లకు ఏడాది కావాలట. తమకు గుమ్మంలోంచి ఒక్క చూపు చాలు. ఆదివారం మధ్యాహ్నం పిల్లవాడు ఫోను అడ్డంగా పట్టుకుని కనబడ్డాడా, "వీనికి మత్తెక్కింది" అని నిర్ధారణ అయిపోతుంది. వాడు ఆ అడ్డం పట్టిన ఫోనులో లెక్కల పాఠం చూస్తున్నాడని వాళ్లమ్మ చెప్పబోయింది గానీ, రోగి తరఫువాళ్లు అలాగే అంటారు కదా.

మరి ఆడుకోవడానికి ఈ బస్తీలో జాగా ఎక్కడుందని ఎవరో తెలివితక్కువవాడు అడిగాడు. దానికి తమరిచ్చిన జవాబు శిలాశాసనం చెక్కించదగినది. "మేం చిన్నప్పుడు చెర్ల ఈదినం, చెట్లెక్కినం, మాకేం ఫోన్లుండె?" అన్నారు. ఆ చెరువు సిరిసిల్ల పక్కన ఉంది. పిల్లవాడు లింబాయత్‌లో ఒక గది ఇంట్లో ఉన్నాడు. ఈదాలని వాడికి నిజంగా ఉంటే ఒక రాత్రీ ఒక పగలూ రైలెక్కి పోలేడా? మనసుంటే మార్గం దొరకదా? పెద్దలు ఊరు విడిచి వచ్చేటప్పుడు చెరువును వెంట తేకపోవడం పిల్లల తప్పే అని తమరు తేల్చాక గాని మాకు తెలిసిరాలేదు.

2019 మార్చి తమ పాలిట స్వర్ణయుగం. పబ్జీ ఆడరాదని రాజ్‌కోట్ పోలీసులు ఉత్తర్వు తెచ్చి, ఆడుతూ దొరికిన పదిమంది కుర్రాళ్లను పట్టుకుని, ఆనక బెయిలు మీద వదిలారు. అప్పటిదాకా చాయ్ బండి దాటని తమ అభిప్రాయానికి ఆ వారం లాఠీ దొరికింది. ఆ రోజుల్లో తమ నడకే వేరు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. కారణం దేశ భద్రత, జనం సమాచారం పరాయి దేశానికి చేరుతోందన్న అనుమానం. మన పిల్లల మార్కులు కాదు. అయినా "నేను ముందే అనలే?" అని తమరు ఛాతీ విరిచారు. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 జులైలో మాయమైంది. 2023 మేలో మళ్లీ దిగింది. పోయిన ప్రతిసారీ తమరు చాయ్ బండి దగ్గరే ఉన్నారు. వచ్చిన రెండుసార్లూ తమకు ఊళ్లో పెళ్లి పడింది.

ఇక జూదం. ఇక్కడ తమ ప్రతిభను పొగడాలంటే కాస్త తీరిక కావాలి. 1960లలో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు పడి రమ్మీ ఆడేవాళ్లను పట్టుకుంటే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో ముఖ్యమైనది నేర్పే అన్నది కోర్టు. ఆ తీర్పులోనే ఇంకో మాటా ఉంది. ఆడించేవాడు ఆ ఆట మీద లాభం తీస్తున్నాడని రుజువైతే అది నేరమే కావచ్చునని. దశాబ్దాలు గడిచాక ఫోన్లలోకి దిగిన రమ్మీ దుకాణాలు ఆ తీర్పులో మొదటి మాటను బోర్డు కట్టుకుని, రెండో మాటను బోర్డు వెనక దాచాయి. తమరు బోర్డే చదివారు. పెద్ద అక్షరాలున్నచోటే చదవడం తమకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

అలా పిల్లవాడి మారియో జూదమైంది, తమ రమ్మీ మేధస్సు అయింది. మారియో తెరమీద నాణేలు ఏరుకుంటాడు, ఎవరి జేబులోంచీ తియ్యడు. తమ మేధస్సు మాత్రం పగారు పడిన రాత్రే మేల్కొనేది. తెలంగాణ 2017లో ఆన్‌లైన్ రమ్మీని మూసేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా మూసింది. తమరు నవజీవన్ రైలెక్కి వరంగల్‌లో దిగితే ఫోనులో ఆ దుకాణం తెరుచుకునేది కాదు. సొంత రాష్ట్రం తమ నేర్పును గుర్తించలేదని తమరెంత నొచ్చుకున్నారో మాకు తెలుసు. దసరా కాగానే తిరుగు బండెక్కి, సూరత్ స్టేషన్‌లో సంచి దించకముందే ఫోను తెరిచి ఊపిరి పీల్చుకోవడం చూసినవాళ్లున్నారు. ఐపీఎల్ రోజుల్లో అయితే ఫోనులో పందెం కాసి పదకొండు మందిని ఏరి జట్టు కట్టడంలో తమరు పడ్డ శ్రమ ఏ సెలెక్టరూ పడి ఉండడు. బ్యాట్ పట్టి ఎన్నేళ్లయిందో గానీ, ఏ బౌలర్ ఏ పిచ్ మీద తేలిపోతాడో తమకు కొట్టినపిండి. వదినగారి కమ్మలు కుదువ దుకాణానికి పోయి మూడు దీపావళులు అక్కడే చేసుకున్నాయంటే అది తమ నేర్పు లోపం కాదు, ఆ బౌలర్‌ది.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నేర్పు ఉన్నదా అదృష్టమా అన్న పాత పేచీని పక్కన పెట్టి, డబ్బు పెడితే చాలు అది నిషిద్ధమే అన్నది. పోటీగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ను, ఊరికే సరదాకు ఆడేవాటిని వేరే గదుల్లో కూర్చోబెట్టి వాటికి మర్యాద కూడా చేసింది. అంటే మూసింది తమ దుకాణం. పిల్లవాడిది కాదు. ఇంకొకడైతే ఆ రోజు నోరు మూసుకునేవాడు. తమరు మాత్రం మరునాడే తమ్ముడి ఇంటికి పోయి "సూసినవా, సర్కారే గేములన్నీ బంద్ జేసింది, నీ కొడుకు ఫోను గుంజుకో" అన్నారు. ఓడిన చోటే జెండా పాతగల ధైర్యం ఎందరికుంటుంది?

పెట్టె సంగతి చివరికి ఉంచుతాను. ముందు ఏఐ.

ఈ విషయంలో తమకు పొద్దున ఒక అభిప్రాయం, సాయంత్రం ఒక అభిప్రాయం. దిన్ పాళీవాళ్లకు "అదంతా ఉత్త ప్రచారం, మనిషి లేకుంటే మిషన్ నడుస్తదా" అని ధైర్యం చెబుతారు. రాత్ పాళీవాళ్లకు "ఇంక రెండేండ్లు, అందరి కొలువులూ గోవిందా" అని జ్ఞానం చెబుతారు. ఏది జరిగినా "నేను అప్పుడే అన్న" అనడానికి సాక్షులు సిద్ధంగా ఉంటారు. రెండు పాళీల్లో నడిచే జ్యోతిషం ఈ ఊళ్లో తమరొక్కరిదే.

కంప్యూటర్ ఎక్కడో అమెరికాలో ఊడిపడిందని తమ నిశ్చయం. 1804లో ఫ్రాన్స్‌లోని లియాన్ పట్టు మగ్గాల మధ్య జకార్డ్ అనే ఆయన చిల్లులు పొడిచిన అట్టలతో పోగులు లేపే సాధనం తెచ్చాడు. చిల్లుంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఇంగ్లండ్‌లో బాబేజ్ ఆ అట్టలనే చూసి, లెక్కలు చేసే యంత్రానికి కూడా ఇలాగే పని చెప్పవచ్చునని తలపోశాడు. దాదాపు 24,000 అట్టలు పేర్చి పట్టుతో నేసిన జకార్డ్ బొమ్మ ఒకటి బాబేజ్ ఇంట్లో వేలాడేది. అంటే ఇవాళ్టి ఈ మేధకు పుట్టిల్లు మగ్గమే. పద్మశాలి ఇంట పుట్టి, జకార్డు అట్టలు కుట్టిన తండ్రి చేతుల కింద పెరిగి, "గీ కంప్యూటర్లు మన కులపోల్లకెందుకు" అనగలగడం అందరికీ చేతనయ్యే పని కాదు. తన ఇంటి బిడ్డనే పరాయిదని గెంటడానికి గుండె నిబ్బరం కావాలి.

ఊళ్లో ఇంకో కొసన వరాఛా, కతార్‌గామ్ ఉన్నాయి. ప్రపంచంలో పది వజ్రాలకు సాన పడితే తొమ్మిది ఇక్కడే పడతాయని చెప్పుకునే ఊరు ఇది. ఒకప్పుడు ముడిరాయిని వెలుగుకు ఎత్తి, లోపల మచ్చ ఎక్కడుందో చూసి, ఎలా కోస్తే ఎంత మిగులుతుందో కంటితో అంచనా కట్టేవాళ్లు. ఇప్పుడు రాయిని యంత్రంలో పెడితే లోపలి మచ్చలతో సహా దాని నమూనా తెరమీదికి వస్తుంది. ఎన్ని రకాలుగా కోయవచ్చో, దేంట్లో ఎంత బరువు మిగులుతుందో లెక్క కూడా అదే వేస్తుంది. అక్కడిదాకా ఆటోలో పోయి రావడానికి ఒక పూట చాలు. కానీ చూస్తే అభిప్రాయానికి చూపు అంటుకుంటుందని తమరు పోలేదు. "రాయి కొయ్యాలంటే చేతిల నేర్పుండాలె, మిషన్‌తోని ఏమైతది" అని ఇక్కడి నుంచే తేల్చారు.

చదరంగమంటే తమకు గౌరవం. "అది బుర్ర ఆట, వీడియో గేము కాదు" అంటారు. వరంగల్ బిడ్డ అర్జున్ ఇరిగేసి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ దాటినప్పుడు తమరు బండి దగ్గర అందరికీ చాయ్ పోయించారు. ఆ ఖర్చు మాత్రం మేం మరిచిపోలేదు. ఆ స్థాయిలో ఆడేవాళ్లెవరైనా కంప్యూటర్ ముందు గంటలకు గంటలు కూర్చుని, మనిషికంటే ఎన్నో రెట్లు బలంగా ఆడే యంత్రంతో ఎత్తులు సరిచూసుకున్నాకే బల్ల దగ్గరికి పోతారు. 1997లోనే డీప్ బ్లూ అప్పటి జగజ్జేత కాస్పరోవ్‌ను ఓడించింది. 2016లో ఆల్ఫాగో గో ఆటలో లీ సెడోల్‌ను నాలుగు ఆటలకు ఒకటిగా గెలిచింది. మూడేళ్లకు ఆయన పోటీల నుంచి తప్పుకున్నాడు. ఇవేవీ తమకు చెప్పవద్దని మేం కట్టడి చేసుకున్నాం. తమ తమ్ముడి కొడుకు అదే చదరంగాన్ని ఫోనులో ఆడుతుండగా తమరు లాక్కుని "మళ్లీ గేమేనా" అని కసిరినప్పుడు కూడా మేం కిక్కురుమనలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక లోకం దానిమీద ఒక నింద వేసింది. తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే, తడబాటు లేకుండా, నమ్మబలికేలా చెప్పేస్తుందని. తమ సరసన పెడితే అది ఇంకా పసిది. దాని తెర అడుగున, నేను పొరబడవచ్చు, ముఖ్యమైనవి సరిచూసుకోండి అని ఒక వాక్యం రాసి ఉంటుంది. అలాంటి పిరికితనం తమ నోట ఏనాడూ రాలేదు. పైగా దానికి డేటా సెంటర్లు కావాలి, కరెంటు కావాలి, నీళ్లు కావాలి. తమకు అల్లం చాయ్ చాలు. ఆ ఏఐయే తయారు చేసిన దేవుడి వీడియోను, రాతి విగ్రహం కళ్లు తెరిచిందంటూ కుటుంబం గ్రూపులో పెట్టి "అందరికీ పంపండి" అన్నది కూడా తమరే కాబట్టి, ఏఐతో ఎవరికీ ప్రమాదం లేదన్న తమ మాటకు తమరే నిలువెత్తు సాక్ష్యం.

ఇప్పుడు పెట్టె. 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 మన దేశంలో అమ్మకానికి వచ్చింది. డిస్క్ పెట్టేది 49,990 రూపాయలు, డిస్క్ లేనిది 39,990. మున్సిపల్ తెలుగు బడిలో చదువుతున్న తమ తమ్ముడి కొడుకు, పాతదైనా ఏదో ఒక పెట్టె కొనివ్వమనో, లేదంటే కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు పెట్టించమనో తండ్రిని బతిమాలాడు. తండ్రి తమ సలహా అడిగాడు. అంత డబ్బు అతని దగ్గర లేదు, నిజమే. అది చెబితే పిల్లవాడు అర్థం చేసుకునేవాడు. కానీ లేదని చెప్పడం లేనివాళ్ల పద్ధతి. తమరు సిద్ధాంతం చెప్పారు. "ఇసుంటియన్నీ దీపావళికి సగం ధరకొస్తయి, ఆగు. కార్డు గీర్డు అంతా దండగ, దాంతోని బొమ్మలు తప్ప ఏం రాదు."

కార్డు సంగతి ఏమిటంటే, ఎన్విడియా కంపెనీ 1993లో మొదలై ఎదిగింది ఆటల బొమ్మలు గీసే చిప్‌లమీదే. 2012లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫొటోలను గుర్తుపట్టే యంత్రానికి చదువు నేర్పింది దుకాణంలో దొరికే రెండు గేమింగ్ కార్డుల మీద. ఇవాళ్టి ఏఐ ఊపు అక్కడి నుంచే అందుకుంది. లోకంలోని పిల్లలు ఏళ్ల తరబడి దండగ చేసిన డబ్బే దానికి పెట్టుబడి అయింది. పెట్టె సంగతి ఏమిటంటే, 2022 నవంబరులో డిస్క్ పెట్టేదాని ధర 54,990 అయింది. 2025 చివరికి మెమరీ చిప్‌లను ఏఐ డేటా సెంటర్లే ఊడ్చుకుపోతూ, ఇళ్లలో వాడుకునే మెమరీ ధర కూడా చుక్కలకెక్కింది. మైక్రాన్ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ఏ మిషన్ మనల్నేమీ చెయ్యదన్నారో అదే వచ్చి, సగానికి దిగుతుందన్న ధరను పట్టుకుని పైకి లాగింది. తమ రెండు అభిప్రాయాలు ఒకదాన్నొకటి ఢీకొని రెండూ పడిపోయిన చోట కూడా తమరు చెక్కు చెదరకుండా నిలబడి "ఇంకొక్క దీపావళి ఆగు" అన్నారు.

పిల్లవాడు ఆగలేదు, పెరిగాడు. పదో తరగతి అయ్యాక ఒక సేటు కార్ఖానాలో చేరాడు. అక్కడ కొత్తగా తెచ్చిన ఎలక్ట్రానిక్ జకార్డు ముందు పెద్దవాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడితే, వాడు మాత్రం పెన్‌డ్రైవ్ పెట్టి, మెనూలు తిప్పి, డిజైన్ ఎక్కించి, ఎక్కడ తప్పిందో చూసి సరిచేశాడు. ఇదెక్కడ నేర్చావురా అని సేటు అడిగితే, దోస్తుల ఫోన్లల్ల గేములాడుకుంట అన్నాడట. ఇప్పుడు ఏ సాంచా మొరాయించినా వాడికే పిలుపు.

మొన్న తమరు చాయ్ బండి దగ్గర వాడి భుజం తట్టి, అందరికీ వినబడేలా అన్నారు: "సూసిండ్రా, గేములు బంద్ జేపిచ్చినంక పోరడు ఎట్ల బాగుపడ్డడో."